రేకుల మీద పాట

జోపారిని చంపింది బియాక్‌థంగా. రోగం కాదు, వాన కాదు, విరిగిపడిన కొండచరియా కాదు. సంఘపెద్ద బియాక్‌థంగా చంపాడు. ఖూమా ఈ సంగతి ఎవరితోనూ వాదించడు. పొద్దు ఎటు పొడుస్తుందో ఎవరైనా వాదిస్తారా?

చర్చికి కొత్త రేకులు వేసిన రోజున జరిగింది అది. మర్నాడు ఆదివారం ప్రతిష్ఠ. ఊళ్లో నడుం వంగే మగాడల్లా అక్కడే ఉన్నాడు. ఖూమా వడ్రంగి గనక కప్పు నడినెత్తిన ఉన్నాడు. ఇంట్లో అతని భార్య జోపారి కడుపు పట్టుకుని పొయ్యి పక్కన ముడుచుకుపోయి ఉంది. మిట్టమధ్యాహ్నం థంగా ఆ ఇంట్లోకి వెళ్లడం, కాసేపటికి బయటికి రావడం నీళ్ల తొట్టి దగ్గరి ఆడవాళ్లు చూశారు. వచ్చినవాడు తిన్నగా చర్చికి వెళ్లి, నిచ్చెన కింద నిలబడి మేకులు అందించాడు. పైనున్న ఖూమాకు ఒక్క మాట చెప్పలేదు. పొద్దుగూకి ఖూమా ఇంటికి వెళ్లేసరికి ఆవిడకు మాట పడిపోయింది. తలుపు బార్లా తీసి ఉంది. జబ్బు మనిషిని చలిగాలికి వదిలేసి, తలుపు కూడా వేయకుండా పోయాడు ఆ పెద్దమనిషి. రోడ్డు తెగిపోయి ఉంది గనక అప్పుడు డోలీ కట్టారు. పట్నం దారిలో గాలి మలుపు దగ్గర ఆవిడ ప్రాణం పోయింది. మధ్యాహ్నమే బయల్దేరి ఉంటే పట్నం చేరేది.

ఆ తర్వాత ఖూమా చర్చిలో రొట్టె పంచే ప్రభువు బల్ల ముందుకు వెళ్లలేదు. థంగా చేతి మీదుగా వచ్చే రొట్టె తన గొంతు దిగదన్నాడు. నాలుగేళ్లుగా ఆ మాట మీదే ఉన్నాడు.

అలాంటి థంగాను, అదే దారిలో, అదే వానలో, పది రోజుల కిందట ఖూమా మోశాడు. థంగా పేగులో పుండు పగిలింది. రోడ్డు మళ్లీ తెగింది. డోలీ ముందు కర్ర భుజాన వేసుకున్న ఖూమా పట్నం ఆసుపత్రి మెట్ల దాకా దాన్ని ఇంకొకరికి ఇవ్వలేదు. కుర్రాళ్లు భుజం మార్చుకుంటామని వెంటపడితే తిట్టాడు. థంగా బతికాడు. ఆపరేషన్ అయి, రోడ్డు బాగుపడ్డాక, నిన్న జీపులో ఊరికి తిరిగొచ్చాడు.

ఖూమా ఎందుకు మోశాడో ఊరందరికీ తెలుసు. ఖూమాకే తెలియదు.

శనివారం పొద్దున్నే పి తువాంగి వచ్చింది. ఊళ్లో పెద్ద ఆడవాళ్ల పేరు ముందు పి అని, మగవాళ్ల పేరు ముందు పు అని గౌరవంగా అంటారు. శనివారాలు పిడికెడు బియ్యం పోగు చేసేది ఆవిడే. వీధి వీధినా తిరిగి, ప్రతి ఇంట్లోనూ వండుకునే ముందు దేవుడి పేరున తీసిపెట్టిన బియ్యం సంచిలో పోయించుకుని పోతుంది. అమ్మగా వచ్చిన డబ్బు చర్చికి. ఆవిడ వస్తోందంటే రెండిళ్ల అవతలి నుంచే తెలుస్తుంది. నోట్లో వక్క, నోటి నిండా మాట.

"ప్రేమమూర్తిగారు ఇంట్లో ఉన్నారా?" అంది మెట్ల కింద సంచి దించి.

"ఉన్నాడు. నోరు మూసుకుని బియ్యం పట్టుకుపో."

"అదేంటి పు ఖూమా, మిమ్మల్ని పొగుడుతుంటే? మొన్న ఆడవాళ్ల కూడికలో పాస్టరమ్మ మీ పేరెత్తి ఏడ్చింది. అందరం ఏడ్చాం. నాకెందుకు ఏడుపొచ్చిందో తెలీదు గానీ, పక్కావిడ ఏడుస్తుంటే మనం ఊరుకుంటే బాగుండదు కదా."

ఖూమా లోపలికి వెళ్లి పొయ్యి పక్క అరలోంచి డబ్బా తెచ్చాడు. జోపారి వాడిన పాలపొడి డబ్బా అది. తువాంగి దాన్ని చేత్తో ఎత్తి చూసింది.

"ఆవిడున్నప్పటి కంటే ఎక్కువే వస్తోంది."

"నా పిడికిలి పెద్దది."

"బల్ల దగ్గరికి రారు. బియ్యం మాత్రం ఒక్కపూట తప్పకుండా తీసిపెడతారు. ఇదేం భక్తి?"

"భక్తి లేదు, ఏమీ లేదు. ఆవిడ తీసిపెట్టేది. డబ్బా ఖాళీగా కనిపిస్తే నాకు అన్నం సహించదు."

తువాంగి సంచి మూతి పట్టుకుని ఆగింది. "అయితే ఇది దేవుడి బియ్యం కాదన్నమాట. జోపారి బియ్యం. మరి ఈ సంచిలో పోసుకోవచ్చా నేను?"

నవ్వుతూనే అడిగింది. ఖూమా డబ్బా వైపు చూశాడు. ఇన్నాళ్లూ తాను తీసిపెట్టింది ఎవరికి? ఆ ప్రశ్న తనకు ఎప్పుడూ రాలేదు.

"పోసుకో," అన్నాడు విసుగ్గా. "అమ్మేశాక ఏ గింజ ఎవరిదో ఎవరు చూడొచ్చారు?"

"ఆయన చూస్తాడుగా," అంటూ తువాంగి గడ్డం పైకెత్తి ఆకాశం వైపు చూపించి, పక్కింటి దారి పట్టింది.

ఆవిడ వెనకే పాస్టర్ రెంసాంగా వచ్చాడు. కుర్రవాడు. ఈ ఊరికి వచ్చి ఏడాది తిరగలేదు. బూట్ల బురద మెట్టుకు గీసుకుని, అరుగు మీద కూర్చుని, ఖూమా ఇచ్చిన బెల్లం టీ సగం తాగాక అసలు సంగతికి వచ్చాడు.

"పు ఖూమా, ఈ సాయంత్రం సిద్ధపాటు కూడిక. రేపు ప్రభువు బల్ల."

"గంట కొడతారు కదా. వినబడుతుంది."

"రేపు మీరు రావాలి. ఉపా బియాక్‌థంగా పక్కన కూర్చోవాలి. ఆయన చేతి రొట్టె మీరు తీసుకోవాలి. శత్రువును ప్రేమించాలని మేం పుస్తకాల్లో చదువుకున్నాం. మీరు భుజాన మోసి చూపించారు."

"నేను చేసింది మోత పని. దానికి ఇంత మాటెందుకు?"

"మరి ఎందుకు మోశారు?"

"ఆయన నడవలేడు గనక."

పాస్టరు నవ్వాడు. ఖూమా నవ్వలేదు. పాస్టరు టీ గ్లాసు కింద పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"ఇంకొకటి కూడా. పాటల బృందం పెద్ద ఛువానా నాతో చెప్పి పంపాడు. రేపు రొట్టె పంచే ముందు పాట మీరు ఎత్తుకోవాలట. రేకులు వేసిన రోజు కప్పు మీద పాడారట కదా, అదే పాట. అలాంటి గొంతు మళ్లీ వినలేదన్నాడు."

ఖూమా తన గ్లాసు పక్కన పెట్టాడు.

"ఛువానా అన్నాడా ఆ మాట?"

"తన నోటితో అన్నాడు."

ఒకప్పుడు ఈ మాట కోసం ఖూమా ప్రాణం పెట్టేవాడు. ఇప్పుడు విన్నాక లోపల ఏదో గుచ్చుకుంది. అది సంతోషమో కాదో తెలియలేదు.

"రేపు జిల్లా సంఘం నుంచి పెద్దలు వస్తున్నారట?" అన్నాడు.

పాస్టరు మొహం ఎర్రబడింది. "వస్తున్నారు."

"మీ సంఘంలో పగవాళ్లు కలిసిపోయారని వాళ్లు చూస్తే మీకు మంచిదే."

రెంసాంగా తల వంచుకుని, "అది కూడా ఉంది," అన్నాడు నెమ్మదిగా. "లేదంటే అబద్ధమవుతుంది. కానీ అది ఒక్కటే కాదు పు ఖూమా. ఎంత అదో, ఎంత ఇదో, నేను కొలవలేకపోతున్నాను. ఈ సాయంత్రం నేను చెప్పబోయేది కూడా అదే. ఏం చేశామన్నది కాదు, ఎందుకు చేశామో చూసుకుని బల్ల దగ్గరికి రమ్మని."

"చూసుకుంటే తెలుస్తుందా?"

"నాకైతే ఇంతవరకూ పూర్తిగా తెలియలేదు," అన్నాడు పాస్టరు. "సాయంత్రం గంట కొట్టేలోపు మీ మాట చెప్పండి. పాట సంగతి ఛువానాకు చెప్పాలి." లేచి, గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు.

ఖూమాకు ఆ కుర్రవాడి మీద కోపం రావాలి. అంత సూటిగా ఒప్పుకున్నాక కోపం ఎలా రావాలో తెలియలేదు. పోయి పందుల దొడ్డి తలుపు కోసం తెచ్చిన పలక తీసి చిత్రిక పట్టడం మొదలుపెట్టాడు. పలకకైతే వంకర ఎక్కడుందో చెయ్యి పెడితే తెలుస్తుంది.

పొద్దు వాలుతుండగా మెట్ల కింద ఎవరో ఆయాసపడుతున్న చప్పుడైంది. ఖూమా తలెత్తలేదు. ఆ దగ్గు అతనికి చిన్నప్పటి నుంచి తెలుసు.

"ఖూమా."

"ఉపా."

కలిసి పక్షుల వేటకు తిరిగిన రోజుల్లో ఇతను ఖూమాకు థంగా. జోపారి పోయాక ఉపా. సంఘపెద్దను ఎవరైనా అలాగే పిలుస్తారు గనక తప్పు పట్టడానికి లేదు. ఆ గౌరవం ఎలా తగులుతుందో మాత్రం ఇద్దరికీ తెలుసు.

థంగా ఒక చేత్తో పొట్ట పట్టుకుని, ఇంకో చేత్తో గుంజ పట్టుకుని మెట్లెక్కాడు. చంకలో మడత పెట్టిన బట్ట ఉంది. ఎర్ర చారల నేత పువాన్. జోపారి తన మగ్గం మీద నేసింది. ఉతికి, ఆరబెట్టి, అంచులు కలిపి మడిచారు.

"ఎక్కొద్దన్నాడు డాక్టరు," అన్నాడు థంగా అరుగు మీద కూలబడుతూ.

"కుట్లు తెగితే మళ్లీ నేనే మోయాలి. తెలిసే ఎక్కారా?"

థంగా నవ్వబోయి, నొప్పికి ఆపుకున్నాడు. పువాన్ తన పక్కన పెట్టాడు. పొయ్యి మీద కెటిల్ ఉంది. పాస్టరుకు పెట్టిన నిప్పు బూడిద కింద ఇంకా ఉంది. ఖూమా లేవలేదు. ఇంటికొచ్చినవాడికి టీ ఇవ్వకపోవడం ఈ ఊళ్లో చెంపదెబ్బ కంటే పెద్దది. థంగా కెటిల్ వైపు చూసి, చూడనట్టు తల తిప్పుకున్నాడు.

"గాలి మలుపు దగ్గర డోలీ దించినప్పుడు నా చెవిలో నువ్వన్న మాట విన్నాను," అన్నాడు.

చిత్రిక ఆగింది.

"మీకు స్పృహ లేదు."

"ఆ మాట వినేంత ఉంది. 'నువ్వు ఇక్కడ చావడానికి వీల్లేదు. బతకాలి. బతికి, చచ్చేదాకా ఈ మలుపు మీదుగా నడవాలి' అన్నావు."

"అన్నాను."

"ఊరు దాన్ని ప్రేమ అంటోంది."

"ఊరికి నేను చెప్పలేదు."

"కాదని కూడా చెప్పలేదు."

ఖూమా పలక మీది పొట్టు ఊదాడు. థంగా తొందరపడలేదు. ఊపిరి కూడదీసుకుని మళ్లీ అందుకున్నాడు.

"నిన్ను నిలదీయడానికి రాలేదు. నీకు ఆ మాట అనే హక్కుంది. నాకు అంతుపట్టనిది వేరే. ఆ మాట అన్న నోరు ఇంకా మూయకముందే ఈ పువాన్ తీసి నా మీద కప్పావు. మాట నిజమా, ఇది నిజమా? ఆసుపత్రిలో పడుకుని ఇదే ఆలోచించాను. తేలలేదు. నీకు తేలితే చెప్పు."

"వాన పడుతోంది. కప్పాను."

"నా మీద టార్పాలిన్ ఉంది. ఇదెందుకు తెచ్చావు?"

"కర్ర కింద మెత్తగా పెట్టుకోవడానికి. భుజం కోసుకుపోతుందని."

"మరి భుజం మీది నుంచి తీసి నాకెందుకు ఇచ్చావు? అక్కణ్ణుంచి పట్నం దాకా కర్ర ఎముక మీద మోశావు. చొక్కా రక్తమైందని కుర్రాళ్లు చెప్పారు."

ఖూమా చెయ్యి దానంతటదే భుజం మీదికి వెళ్లింది. పుండు ఎండి పెచ్చు కట్టింది. ఆ మలుపు దగ్గర ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోబోయాడు. మాట గుర్తుంది. ఆ మాట కోసం ఊళ్లోంచి బయల్దేరినప్పటి నుంచీ పళ్లు బిగించి కాచుకున్నాడు. పువాన్ తీయడం మాత్రం గుర్తు లేదు. కింద పడుకున్నవాడు వణుకుతున్నాడు. జోపారి కూడా అక్కడే వణికింది. ఒక వణుకులోంచి ఇంకో వణుకు కనిపించి ఉంటుంది. కప్పింది ఎవరికి? పొద్దున తువాంగి అడిగింది కూడా ఇలాంటిదే. పిడికెడు బియ్యం దగ్గరే తేలనిది ఇక్కడేం తేలుతుంది?

అడగాల్సింది తాను. అడుగుతున్నది ఇతను. ఖూమాకు ఒళ్లు మండింది.

"మీ వంతు అయిందా? ఇప్పుడు నేనడుగుతా. ఆ మధ్యాహ్నం నా ఇంట్లో మీకేం పని?"

థంగా కళ్లు మూసుకుని తెరిచాడు.

"ఈ ప్రశ్న కోసం నాలుగేళ్లు చూశాను. నువ్వు అడగలేదు."

"అడగడానికేముంది? తెలిసిందే కదా."

"పనివాళ్ల టీకి బెల్లం అయిపోయింది. మీ ఇంట్లో ఉంటుందని వెళ్లాను. ఆవిడ అదిగో, ఆ పొయ్యి పక్కన పడుకుని ఉంది. మొహం పాలిపోయి ఉంది. 'డోలీ కట్టిస్తాను, పట్నం వెళ్దాం' అన్నాను. వద్దంది."

"వద్దనే అంటుంది." ఖూమా గొంతు పెరిగింది. "ఈ ఊళ్లో ఏ జబ్బు మనిషి కట్టమన్నాడు? నలుగుర్ని శ్రమ పెట్టకూడదని చచ్చేవాడూ వద్దనే అంటాడు. వాడు వద్దంటున్నా మనం కట్టడమే కదా పద్ధతి. మా నాయన వద్దన్నాడు, మీ అమ్మ వద్దంది, మోసుకుపోలేదా? వద్దంటే సరేనని తిరిగొచ్చినవాణ్ణి నేను చూడలేదు."

"నేనూ చూడలేదు. ఈ ఊళ్లో నేనే మొదటివాణ్ణి."

థంగా అరుగు చెక్క మీద వేలితో గీస్తూ మాట్లాడాడు. "ఆ వద్దు నాకు కావాల్సొచ్చింది ఖూమా. మర్నాడు ప్రతిష్ఠ. కప్పు సగమే పడింది. మబ్బు కమ్ముకొస్తోంది. డోలీ కడితే కుర్రాళ్లందరూ పోతారు, నువ్వు పోతావు, నడినెత్తి రేకు వేసేవాడు లేడు. నా పెద్దరికంలో కట్టిన చర్చి తడిసి నిలబడుతుంది. ఆవిడ వద్దనగానే నా గుండె తేలికపడింది. ఆ తేలికపడటం నాకు బాగా గుర్తుంది. ఆ తర్వాతే దానికి దేవుడి పని అని పేరు పెట్టుకున్నాను."

నాలుగేళ్లుగా ఖూమా ఈ మాటల కోసం కాచుకున్నాడు. వీడి నోటి వెంట వస్తే ఎలా ఉంటుందో ఒంటరిగా అన్నం తింటూ ఎన్నోసార్లు ఊహించుకున్నాడు. ఇప్పుడు వచ్చాయి. లోపల ఏమీ కదల్లేదు. బరువు దించుకుందామని వంగితే వీపు మీద బరువే లేనట్టు ఉంది.

"సరే. ఒప్పుకున్నారు. వెళ్లండి."

"అయిపోలేదు."

"ఇంకేం మిగిలింది?"

"ఆవిడ ఉత్తినే వద్దనలేదు. ఎందుకో చెప్పింది. నువ్వు అడిగితే తప్ప నా అంతట నేను చెప్పకూడదనుకున్నాను. చెబితే నా తప్పు చచ్చిపోయినావిడ మీదికి నెట్టినట్టుంటుంది. ఈ రోజు అడిగావు. అడిగాక దాస్తే అదింకో తప్పు. వినకూడదనుకుంటే ఇప్పుడే చెప్పు, వెళ్లిపోతాను."

ఖూమా చిత్రిక పక్కన పెట్టాడు. వెళ్లమనడానికే నోరు తెరిచాడు. "ఏమంది?" అన్న మాట వచ్చింది.

"నువ్వు పాడుతున్నావంది."

దొడ్లో పందులు గుర్రుమన్నాయి.

"'అదిగో ఉపా, వినండి' అంది. 'ఆయన పాడుతున్నాడు. ఎన్నేళ్లకో విన్నాను. పాటల బృందం పెద్దగా ఛువానాను పెట్టిన నాటి నుంచీ ఇంట్లో కూడా నోరు విప్పలేదు. ఆ కోపం కరిగింది. దేవుడు కరిగించాడు. ఇప్పుడు కిందికి దింపితే మళ్లీ బిగుసుకుపోతాడు. కొంచెంసేపు పాడనీయండి. నేను వింటూ పడుకుంటా' అంది." థంగా ఆగాడు. "వెళ్తూ తలుపు వేయబోతే వద్దంది. బార్లా తీసి పెట్టమంది. బాగా వినబడుతుందని."

ఖూమా తలుపు వైపు చూశాడు. తానే చేసిన తలుపు. నాలుగేళ్లుగా థంగా తప్పుల్లో ఆ తలుపును కూడా కలిపాడు. చలిగాలికి వదిలేసి పోయాడని ఊరంతా చెప్పాడు.

"ఇదంతా ఎందుకు చెప్పానో అడుగు," అన్నాడు థంగా. "నీ కోసమా, నా బరువు దించుకోవడానికా? మెట్లెక్కుతున్నంతసేపూ చూసుకున్నాను. రెండూ ఉన్నాయి. ఏది ఎక్కువో తెలీదు."

ఖూమా వినడం లేదు. అతను మళ్లీ ఆ రోజు కప్పు మీద ఉన్నాడు. కింద తాడు పట్టుకుని ఛువానా నిలబడ్డాడు. గొంతులో పస లేనివాడు, పెద్దల ఇళ్ల చుట్టూ తిరిగి ఆ పదవి సంపాదించుకున్నవాడు. వాడికి వినబడాలనే ఖూమా పాట ఎత్తుకున్నాడు. ఎవర్ని కాదని ఎవర్ని పెట్టుకున్నారో అక్కడ తలెత్తి చూస్తున్న ప్రతివాడికీ తెలియాలని పాడాడు. చరణం చరణానికీ గొంతు పెంచాడు. దేవుడి పేరు ఉన్న చోటల్లా ఛువానా మొహం చూశాడు. వాడు తల దించుకున్నప్పుడు కలిగిన సుఖం ఇంకా నాలుక మీద ఉంది. కోపం కరగలేదు. పాడిందే కోపం.

జోపారికి అది కరుణలా వినబడింది. దాన్ని వినడం కోసం ఆవిడ తన మధ్యాహ్నం ఇచ్చేసింది.

ఈ సంగతి ఎవరికి చెప్పాలి? చెబితే ఆవిడ ఒక అబద్ధం వింటూ పోయినట్టవుతుంది. చెప్పకపోతే రేపు అదే పాట, అదే ఛువానా ముందు, జిల్లా పెద్దల ముందు, ప్రేమమూర్తిలా నిలబడి పాడాలి. పాడనంటే ఎందుకని అడుగుతారు. ఒకవేళ ఆవిడే సరిగ్గా విన్నదేమో. పాడినవాడికే తెలియనిది తలుపులోంచి ఆవిడకు తెలిసిందేమో. పువాన్ తీసిన చెయ్యి తనదే, తీసినట్టు గుర్తు లేదు. అలాంటప్పుడు ఆ పాటలో ఏముందో తనకు తెలుసని ఎలా చెప్పగలడు? తల ఎటు తిప్పినా దారి మూసుకుపోతోంది. థంగాను తిడదామంటే తిట్టడానికి ఏమీ దొరకలేదు. అది అన్నిటికన్నా కష్టంగా ఉంది. ఆ తిట్టు ఒక్కటే ఇన్నాళ్లూ జోపారిని ఈ ఇంట్లో ఉంచింది.

చర్చి గంట మొదలైంది.

ఖూమా లేచాడు. పువాన్ తీసుకుని లోపలికి వెళ్లాడు. పొయ్యి దగ్గర ఒక్క క్షణం నిలబడి, కెటిల్ దించి, గ్లాసులో టీ పోసి తెచ్చి థంగా ముందు పెట్టాడు. అది చల్లారిపోయి ఉంది. థంగా చుక్క మిగల్చకుండా తాగాడు. ఈలోగా ఖూమా మేకుకు తగిలించిన నల్లకోటు తీశాడు. జోపారిని పాతిపెట్టిన నాడు వేసుకున్నాక మళ్లీ తొడగలేదు దాన్ని. భుజం దగ్గర పుండుకు ఒరుసుకుంది.

"వస్తున్నావా?" అన్నాడు థంగా.

ఖూమా మెట్లు దిగాడు. థంగా గుంజ పట్టుకుని వెనకే దిగాడు. దారి ఎత్తు. ఖూమా ముందు నడిచాడు. వెనక దగ్గు వినబడినప్పుడల్లా అడుగు నెమ్మదించింది. అది కావాలని చేశాడో, ఎత్తుకు అలిసో, అదీ తెలియలేదు. అరుగుల మీద ఆడవాళ్లు పిల్లల జుట్టు దువ్వడం ఆపి చూశారు. నీళ్ల తొట్టి దగ్గర పి తువాంగి వక్క నమలడం ఆపింది. నాలుగేళ్ల తర్వాత ఖూమా కోటు వేసుకున్నాడు, వెనక ఉపా ఉన్నాడు. వాళ్లకు కావాల్సింది వాళ్లకు కనిపించింది.

చర్చి గుమ్మంలో ఛువానా పాటల పుస్తకం పట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కన పాస్టరు. ఇద్దరూ అతని మాట కోసమే చూస్తున్నారు. పైన నడినెత్తి రేకు వాన వెలుతురులో నిటారుగా, ఒక్క వంకర లేకుండా ఉంది.

చర్చి ముందు దారి మలుపు తిరిగే చోట థంగా అతని మోచెయ్యి పట్టుకుని ఆపాడు. ఆయాసం తగ్గే దాకా ఆగాడు. అడగడానికి భయపడుతున్నట్టు చిన్న గొంతుతో అడిగాడు.

"ఒక్కటి చెప్పు ఖూమా. ఆవిడ సరిగ్గానే విన్నది కదా? ఆ రోజు నీ కోపం నిజంగానే కరిగింది కదా? కరిగిందంటే నేను చేసినదాంట్లో ఒక ముక్కయినా... ఆవిడ అంత ఖరీదు పెట్టి విన్నది ఉత్తదే కాదని అనుకుంటాను."

గంట ఆగింది. గుమ్మంలోంచి ఛువానా రెండడుగులు ముందుకొచ్చాడు.

ఖూమా మోచెయ్యి విడిపించుకోలేదు.

"థంగా," అన్నాడు. నాలుగేళ్ల తర్వాత ఆ పేరు నోటికి కొత్తగా తగిలింది. "ఆ మాట నన్ను అడక్కు. ఇప్పుడు కాదు, రేపు బల్ల దగ్గర కాదు, నేను చచ్చేటప్పుడు కూడా కాదు. నువ్వూ అడక్కు, ఇంకొకర్నీ అడగనివ్వకు. దాని గురించి నా నోరు ఇక తెరుచుకోదు."